ముందు తెలుగులో చెప్పి చూడండి

మా బాబాయి కొడుకు బీటెక్ అయిపోయి ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఉంటున్నాడు. పొద్దున అమీర్‌పేటలో కోచింగ్, మధ్యాహ్నం నుంచి నౌకరీలోనో లింక్డిన్‌లోనో అప్లికేషన్లు పెట్టడం, సాయంత్రం దాకా ఎవరైనా ఫోన్ చేస్తారేమోనని ఎదురుచూడటం. పోయిన వారం వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి, "అక్కా, ఇది మొత్తం బట్టీ పడితే హెచ్‌ఆర్ రౌండ్ దాటేయొచ్చా?" అని అడిగాడు. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు, వాటికి తయారు చేసిన జవాబులు. మీ గురించి చెప్పమంటే ఏం చెప్పాలి, మీ బలహీనత ఏంటంటే ఏం చెప్పాలి, ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారంటే ఏం చెప్పాలి. అన్నీ ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా ఉన్నాయి.

తెరిచి చూస్తే అందులో నేను విననిది ఒక్కటి కూడా లేదు. నేను మాదాపూర్‌లో ఒక ఓ మాదిరి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. టెస్టింగ్, సపోర్ట్ టీములకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ప్యానెల్లో కూర్చుంటాను. ఈ జవాబులు ఏళ్ల తరబడి వింటున్నాను. "క్విక్ లెర్నర్, హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్." బలహీనత అడిగితే, "ఏ పనైనా పర్ఫెక్టుగా వచ్చేదాకా వదల్లేను మేడమ్." వరంగల్ నుంచి వచ్చిన పిల్లా అదే చెబుతుంది, ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడూ అదే చెబుతాడు. చెప్పడం అయ్యాక ఆ మనిషి గురించి నాకు కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు. కాగితం మీద రాసుకోవడానికి ఒక్క ముక్క దొరకదు.

వాడికి ఫోన్ చేసి, ఆ పీడీఎఫ్ పక్కన పెట్టరా, నువ్వు చేసిన ప్రాజెక్టు ఏంటో ముందు నాకు తెలుగులో చెప్పు అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. "తెలుగులోనా? తెలుగులో ఎలా చెప్తారక్కా?" అన్నాడు. నాలుగేళ్లు చదివి, ఒక సెమిస్టరంతా చేసిన పని గురించి, సొంత అక్కకి, ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పలేకపోతున్నాడు. కానీ అదే పని గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఇంగ్లీషులో చెప్పడానికి సిద్ధమవుతున్నాడు.

నాకున్న అభిప్రాయం ఇది. ఇంటర్వ్యూలో మన మీద మంచి అభిప్రాయం కలగాలంటే అన్నిటికంటే ముందు కావలసింది, మనం చేసిన పనిని మనకి బాగా వచ్చిన భాషలో, సొంత మాటల్లో, తడుముకోకుండా చెప్పగలగడం. ఇంగ్లీషు దాని తర్వాత వస్తుంది. తప్పకుండా రావాలి, కానీ తర్వాతే. మన దగ్గర ఈ వరస తలకిందులైంది. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో మొదటి పాఠమే సెల్ఫ్ ఇంట్రడక్షన్. పిల్లలు ముందు వాక్యాలు నేర్చుకుంటారు, తర్వాత వాటిలో పెట్టడానికి విషయం వెతుక్కుంటారు. చాలామందికి ఆ రెండోది చేసే టైమే దొరకదు.

బట్టీ జవాబు రెండో ప్రశ్న దాకా రాదు

ఆమధ్య నల్గొండ వైపు కాలేజీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. రెజ్యూమెలో ప్రాజెక్టు, ముఖం గుర్తుపట్టి హాజరు వేసే సిస్టమ్. ఈ పేరు కనిపిస్తే ప్యానెల్లో వాళ్లకి వెంటనే అనుమానం వస్తుంది. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రాజెక్టు సెంటర్లలో కోడు, రిపోర్టు, బైండింగుతో సహా దొరికే ప్రాజెక్టుల్లో ఇదొకటి. ఇళ్ల ధరలు అంచనా వేసేది, పంట దిగుబడి అంచనా వేసేది కూడా అలాంటివే. కుర్రాడు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. వాడిన టూల్స్ పైథాన్, ఓపెన్‌సీవీ, ముఖాల్ని సరిగ్గా గుర్తుపట్టే అక్యూరసీ ఇంత శాతం. మధ్యలో ఒక మాట మర్చిపోయాడు. పద్యం అప్పజెప్పే బడిపిల్లాడిలా మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకున్నాడు. నుదుటి మీద చెమట.

నేను తెలుగులో అడిగాను. "ఇది మీ క్లాసులో నిజంగా పెట్టి చూశారా?"

"పెట్టాం మేడమ్. మొదట బోర్డు పైన పెట్టాం కెమెరా. ముందు బెంచీల వాళ్లకే పడేది. వెనకవాళ్ల ముఖాలు మరీ చిన్నగా వచ్చేవి, గుర్తుపట్టేది కాదు. మధ్యాహ్నమైతే వెనక కిటికీలోంచి ఎండ పడి అందరూ నల్లగా వచ్చేవాళ్లు. అందుకని కెమెరా తీసి తలుపు దగ్గర పెట్టాం. ఒక్కొక్కరే లోపలికొస్తారు కదా, ముఖం పెద్దగా పడుతుంది. కాకపోతే హాజరు పడగానే వెనక తలుపులోంచి వెళ్లిపోవడం మొదలుపెట్టారు."

"మరి దానికేం చేశారు?"

"దానికి ఏం చేయలేకపోయాం మేడమ్. పీరియడ్ చివర్లో ఇంకోసారి తీద్దామనుకున్నాం. ఎగ్జామ్స్ వచ్చేశాయి."

టెస్టింగ్ ఉద్యోగానికి వచ్చిన ఫ్రెషర్ నోట ఇంతకంటే మంచి జవాబు నేను ఆశించను. ఎక్కడ పనిచేయడం లేదో చూశాడు, ఎందుకో కనిపెట్టాడు, మార్చాడు, మార్చడం వల్ల వచ్చిన కొత్త ఇబ్బందినీ గమనించాడు, చేయలేకపోయినదాన్ని చేయలేదనే చెప్పాడు. ఇవన్నీ ఆ గదిలోకి వచ్చేటప్పటికే అతని దగ్గర ఉన్నాయి. కానీ అతను తయారు చేసుకొచ్చిన పది ఇంగ్లీషు వాక్యాల్లో వీటిలో ఒక్కటి కూడా లేదు. ఎవరో చెప్పారట, అక్యూరసీ శాతం చెబితే ఇంప్రెస్ అవుతారని. నేనా శాతాన్ని రాసుకోలేదు, అడగలేదు. తలుపు దగ్గరికి మార్చిన కెమెరా మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు బట్టీ పట్టే శ్రమ కూడా అక్కర్లేకుండా పోతోంది. వీడియో ఇంటర్వ్యూలో పక్క స్క్రీన్ మీద ఏఐ రాసిచ్చే జవాబు చదివేస్తున్నారు. ప్రశ్న అడగ్గానే దాన్నే నెమ్మదిగా తిప్పి అంటారు, ఈలోపు తెర మీద జవాబు రావాలి కదా. తర్వాత కళ్లు ఎడమ నుంచి కుడికి నడిచి, చటుక్కున ఎడమకి వస్తాయి, మళ్లీ నడుస్తాయి. చూసేవాళ్లకి ఇది తెలిసిపోతుంది. 2025లో సుందర్ పిచాయ్ కూడా గూగుల్‌లో కనీసం ఒక రౌండు ముఖాముఖి పెడుతున్నామని చెప్పారు. ముఖాముఖి వచ్చాక ఆ తెర ఉండదు, మీరు చేసిన పని ఒక్కటే మీ వెంట ఉంటుంది.

మా తమ్ముడికి చెప్పిన పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని, ప్రాజెక్టు గురించి ఓ రెండు మూడు నిమిషాలు తెలుగులో చెప్పమన్నాను. అమ్మకి చెబుతున్నట్టు. ఎవరి కోసం చేశారు, మొదట ఏం పెట్టారు, ఎక్కడ ఆగిపోయింది, అప్పుడేం చేశారు. సర్వర్‌ని సర్వర్ అనే అనొచ్చు, కోడ్‌ని కోడ్ అనే అనొచ్చు. తర్వాత విని చూసుకోమన్నాను. ఎక్కడెక్కడ నసిగాడో అక్కడ భాష సమస్య కాదు, విషయం తెలియదు. అక్కడికి తిరిగి వెళ్లి కోడు చదువుకోవాలి, లేదా ఆ ముక్క స్నేహితుడు చేశాడని నిజం చెప్పడానికి సిద్ధపడాలి. ఆగకుండా చెప్పడం వచ్చాక అదే సంగతిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి తెచ్చుకోవాలి. రాసుకుని కాదు, నోటితోనే. ప్రతిసారీ మాటలు కొంచెం మారతాయి. మారాలి కూడా.

రెజ్యూమెకి కూడా ఇదే వర్తిస్తుంది. స్టాఫింగ్ కంపెనీలో పనిచేసే నా స్నేహితురాలు ఒకరోజు తన స్క్రీన్ మీద మూడు రెజ్యూమెలు పక్కపక్కన పెట్టి చూపించింది. పేర్లు వేరు, కాలేజీలు వేరు. కింద పాయింట్లు మాత్రం అక్షరం తేడా లేదు, ఒక స్పెల్లింగ్ తప్పు కూడా మూడింట్లో ఒకే చోట ఉంది. ముందు సాఫ్ట్‌వేర్ వడపోస్తుంది కాబట్టి జాబ్ డిస్క్రిప్షన్‌లో అడిగిన టూల్స్ పేర్లు, మీకు నిజంగా వచ్చినవి, వాళ్లు రాసినట్టే రాయాలి. అందులో నాకు వాదన లేదు. టెస్టింగ్ టూల్ సెలీనియం పేరు రాశాక దాని కింద, ఏ స్క్రీన్‌కి స్క్రిప్టు రాశారు, అది రాశాక చేత్తో చేసే పని ఎంత తగ్గింది, అది ఒక్క లైను ఉండాలి. ఆ లైను ఇంకొకరి రెజ్యూమెలోంచి తీసుకోవడం కుదరదు.

ఏం చేయలేదు మేడమ్

ఇక ఫేక్ ఎక్స్‌పీరియన్స్, అంటే చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రెజ్యూమెలో చూపించడం. దీన్ని తప్పించుకుని హైదరాబాద్‌లో ఉద్యోగాల గురించి రాయలేం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏం దొరుకుతుందో, దానికి ఎంత అడుగుతారో చదివేవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. ఫేక్ పెట్టిన పిల్లల మీద నాకు కోపం రాదు. ఏ ప్రకటన చూసినా రెండేళ్ల అనుభవం అడుగుతారు, ఆ మొదటి రెండేళ్లు ఎవరూ ఇవ్వరు. ఊళ్లో నాన్న అప్పు తెచ్చి ఫీజు కట్టి ఉంటాడు. పక్క రూమ్‌లో వాడు ఫేక్ పెట్టి జాయినై, బండి కూడా కొనుక్కుని ఉంటాడు. ఆ వయసులో ఆ ఒత్తిడి తట్టుకోవడం తేలిక కాదు. నా కోపమంతా పేస్లిప్పులూ రిలీవింగ్ లెటర్లూ అమ్ముకునేవాళ్ల మీద.

పట్టుబడే ప్రమాదం ఉందని అందరికీ తెలుసు. 2014లో పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌వో, ఒక్కో ఉద్యోగికి ఒకే నంబరుగా యూఏఎన్ తెచ్చాక, ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారన్నది ఆ పన్నెండంకెల నంబరు కింద కనబడుతుంది. 2022లో యాక్సెంచర్ ఇండియా, లేని కంపెనీల పేరుతో అనుభవ పత్రాలు తెచ్చినవాళ్లని తీసేశామని బహిరంగంగానే ప్రకటించింది. అయినా భయపెట్టి ఆపగలిగేది అయితే ఇది ఎప్పుడో ఆగేది. నాకు బాధ కలిగించేది వేరే. ఫేక్ పెట్టేవాళ్లు దాని కింద తమ నిజమైన అనుభవాన్ని పూడ్చిపెట్టేస్తున్నారు.

ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగానికి, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పనికి, ఒకతను వచ్చాడు. రెజ్యూమెలో బెంగళూరులో మూడేళ్లు. రాత్రిపూట ఇష్యూ వస్తే మొదట ఏం చూసేవారని అడిగితే, టికెట్ వస్తుంది, అనలైజ్ చేస్తాం, రిజాల్వ్ చేస్తాం అంటున్నాడు. ఒక్క ఇష్యూ చెప్పండి, మీకు నిద్ర లేకుండా చేసినది అన్నాను. చెప్పలేకపోయాడు. యూఏఎన్ గురించి హెచ్‌ఆర్ అడిగేసరికి తల దించుకుని, "ఆ మూడేళ్లు ఊళ్లోనే ఉన్నా మేడమ్" అన్నాడు.

"ఊళ్లో ఏం చేశారు?"

"ఏం చేయలేదు మేడమ్. నాన్నకి ఒంట్లో బాగాలేక మా ఫెర్టిలైజర్ షాపు చూసుకున్నా."

షాపులో రోజూ ఏం ఉండేదని అడిగాను. మొదట మొహమాటపడ్డాడు, తర్వాత ఆగలేదు. 2018 నుంచి ఎరువుల సబ్సిడీ లెక్కంతా షాపులో ఉండే ఈ-పాస్ మిషన్ మీదే నడుస్తోంది కదా. రైతు ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే గానీ బస్తా అమ్మినట్టు కాదు. వానలు పడగానే యూరియా కోసం పొద్దున్నే లైను. పొలం పనిలో అరిగిన వేళ్లు మిషన్‌కి అందవు. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, తుడిచి మళ్లీ, అప్పటికీ పడకపోతే ఇంట్లో వేరేవాళ్లని పిలుచుకు రమ్మనడం. సీజన్లో సర్వర్ నెమ్మదిస్తుంది. ఒక్కోసారి లారీ దిగి, బస్తాలు గోడౌన్లో కళ్లెదురుగా ఉంటాయి, మిషన్లో మాత్రం స్టాక్ రాదు. రాకపోతే అమ్మడానికి లేదు. బయట జనం అరుస్తుంటారు. అప్పుడు కంపెనీ వాళ్లకి ముందు ఫోన్ చేయాలా, వ్యవసాయ శాఖ వాళ్లకా, ఈలోపు లైనులో ఉన్నవాళ్లకి ఏం చెప్పి నిలబెట్టాలి. రాత్రి షట్టర్ దించేముందు మిషన్లో మిగిలిన స్టాకు, గోడౌన్లో బస్తాలు సరిచూడాలి. తేడా వస్తే ఏ బిల్లు దగ్గర వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. "ఒకసారి ఆరు బస్తాలు తేడా వచ్చింది మేడమ్. రాత్రి పదకొండింటికి దొరికింది. బిల్లు రెండుసార్లు పడింది. సిగ్నల్ పోయిందని నేనే ఇంకోసారి నొక్కా."

నేనూ నా పక్కన కూర్చున్న సహోద్యోగీ అవాక్కయ్యాం. మేము సపోర్ట్ వాళ్లకి నేర్పేది ఇదే. సిస్టమ్ చెబుతున్నదీ ఎదురుగా కనిపిస్తున్నదీ సరిపోలకపోతే ఏది నమ్మాలి, ఎవరికి ఏ వరసలో చెప్పాలి, కోపంగా ఉన్న మనిషిని ఎలా ఆపాలి, తేడాని మూలం దాకా ఎలా తవ్వాలి. అతను మూడు వానాకాలాలు ఆ పని చేశాడు. దాని గురించి అడిగితే ఏం చేయలేదన్నాడు. దొంగ పత్రాలు అప్పటికే కంపెనీకి అప్‌లోడ్ అయిపోయాయి కాబట్టి రూలు ప్రకారం అతన్ని తీసుకోలేకపోయాం. ఫెర్టిలైజర్ షాపు అని రాసుంటే ఆ రెజ్యూమె నా టేబుల్ దాకా వచ్చేదా అని నన్ను అడిగితే, వచ్చేదని గట్టిగా చెప్పలేను. స్క్రీనింగ్‌లోనే పక్కన పడేసేవాళ్లేమో. అందుకే ఈ విషయంలో తప్పంతా అతని మీద వేసి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. కానీ రాసుండాల్సిందనే అంటాను. ఏ సిస్టమ్ వాడారు, ఏ సమస్యలు వచ్చేవి, ఎలా తీర్చారు, మూడు లైన్లు. ఆ మూడు లైన్లు చూసి ఫోన్ చేసే కంపెనీ ఒక్కటి దొరికినా అక్కడ అతన్ని కదిలించగల ప్రశ్న ఉండదు.

గ్యాప్ ఉన్నవాళ్లందరిదీ ఇదే కథ. పిల్లలు పుట్టి కొన్నేళ్లు మానేసిన ఆడవాళ్లు కుర్చీలో కూర్చోగానే సారీతో మొదలుపెడతారు. సారీ అక్కర్లేదు. ఫలానా సంవత్సరం మానేశాను, ఈ కారణం, ఈ ఆరునెలలుగా ఫలానాది నేర్చుకుంటున్నాను, ఇదిగో చేసిన పని. రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లిపోవచ్చు. మళ్లీ పిల్లల ప్లాన్ ఉందా అని అడిగే ప్యానెల్ ఉంటే, సిగ్గుపడాల్సింది ఆ ప్యానెలే.

మరి ఇంగ్లీషు వద్దా?

మీరు పిల్లల్ని పాడుచేస్తున్నారు అనే మేనేజర్ మిత్రులు నాకున్నారు. రాత్రి ఎనిమిదిన్నరకి షికాగో నుంచి కాల్ వస్తే తెలుగులో మాట్లాడతారా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. ఇంగ్లీషు రావాలి. అందులో రాజీ లేదు, అది వద్దని చెప్పి పల్లెటూరి పిల్లల్ని మోసం చేయను. కానీ ఆ కాల్లో అవతలివాళ్లు అడిగేది ఏ స్టెప్పులో ఆగింది, ఎప్పటినుంచి, ఎంతమందికి, ఎప్పటికి సరవుతుంది అని. వీటికి చిన్న వాక్యాలు చాలు. యాస ఎలా ఉన్నా పర్లేదు, మాట స్పష్టంగా ఉంటే చాలు. చక్కటి ఇంగ్లీషులో ఐదు నిమిషాలు మాట్లాడి, సమస్య ఏంటో చెప్పకుండానే కాల్ ముగించేవాళ్లతో కూడా నేను పనిచేశాను. క్లయింట్ దగ్గర మాట పోయేది వాళ్ల వల్లే.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసినవి రెండు. ఒకసారి కరీంనగర్ అమ్మాయి ఇంగ్లీషులో తడబడుతుంటే, పర్లేదమ్మా తెలుగులో చెప్పండి అన్నాను. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. "నో మేడమ్, ఐ కెన్ మేనేజ్" అంది, తర్వాత ఇంకా తడబడింది. బయటికెళ్లాక మా హెచ్‌ఆర్‌తో, "తెలుగులో అడిగారంటే నేను పోయినట్టే కదా" అందట. ఎన్ని చోట్ల ఎంత చులకనగా చూసుంటారో, నా మంచిమాట కూడా ఆ అమ్మాయికి తీర్పులాగే వినపడింది. తడబడినవాళ్లకి మాత్రమే తెలుగు ఇస్తే అది వికలాంగులకి ఇచ్చే రాయితీలా కాదు, శిక్షలా తగులుతుంది. ఇస్తే అందరికీ, మొదట్లోనే ఇవ్వాలి.

రెండోది నా సహోద్యోగి అన్న మాట. ఆయనది కటక్. "మీ ఊరి పిల్లలకి మీరు తెలుగులో దారి చూపిస్తారు. ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి ఇంగ్లీషులోనే కష్టపడాలి. ఇది న్యాయమా?" హైదరాబాద్‌లో ఇది కొట్టిపారేయగల మాట కాదు. మా రిక్రూట్‌మెంట్ డ్రైవ్‌లకి సగం మంది బయటి రాష్ట్రాల వాళ్లే వస్తారు. సొంత భాషలో సాధన చేసుకోవడం ఎవరైనా చేయొచ్చు, ఒడియాలో అయినా భోజ్‌పురిలో అయినా. ఇంటర్వ్యూ గదిలో మాత్రం ఆ వెసులుబాటు ప్యానెల్లో ఉన్నవాళ్ల భాషల్ని బట్టే ఉంటుంది. హిందీ మాలో చాలామందికి వచ్చు, ఆయన ఉన్న రోజు ఒడియా కూడా ఉంటుంది. మిగతావాళ్లకి చేయగలిగింది తొందరపెట్టకుండా ఆగడం. ఆయన వాదన నేను పూర్తిగా తీర్చలేదు. తీర్చలేనని కూడా ఒప్పుకున్నాను.

బట్టల గురించి, షేక్‌హ్యాండ్ గురించి చాలామంది అడుగుతారు. ఇస్త్రీ చేసిన మామూలు చొక్కా చాలు, మే నెలలో టై కట్టుకుని రాయదుర్గం మెట్రో నుంచి నడిచొచ్చి చెమటలు కక్కనక్కర్లేదు. వాన పడితే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఏమవుతుందో మాకూ తెలుసు కాబట్టి, ఆలస్యమైతే ముందే ఫోన్ చేసి చెప్పండి. అంతే.

టేబుల్‌కి ఇవతలి వైపు

మాట్లాడేవాళ్ల గురించి ఇంత రాసి, వినేవాళ్ల గురించి రాయకపోతే సగమే చెప్పినట్టు. మన ఇంటర్వ్యూల్లో మంచి అభిప్రాయం చాలాసార్లు జవాబుల వల్ల పడదు. మీది ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, ఇంటిపేరు ఏంటి. టెన్షన్ తగ్గించడానికి అడుగుతున్నామంటారు. ఈ మూడు ప్రశ్నలు ఒక వరసలో ఎందుకొస్తాయో మన రాష్ట్రాల్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఇష్టమైన జవాబు వస్తే ప్యానెల్ ముఖం విప్పారుతుంది. ఆ తర్వాత అడిగే ప్రశ్నలు తేలికవుతాయి.

2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో రాసిన పరిశోధన ఈ రంగంలో ఉన్న ప్రతివాళ్లూ చదవాలి. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందువుల పేర్లున్నవాటితో పోలిస్తే దళితుల పేర్లు, ముస్లిం పేర్లు ఉన్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. అదే సంవత్సరం సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసంలో, ప్రతిభే ముఖ్యం అన్నవాళ్లే కుటుంబ నేపథ్యం కూడా చూస్తామన్నారు. ఇలా ఉన్నచోట, నీ పని గురించి నిజాయితీగా చెప్పు చాలు అని పిల్లలకి చెప్పే హక్కు నాకుందా అన్న అనుమానం నన్ను చాలాకాలం వదల్లేదు.

ప్రభుత్వాలు దీనికి తమకి తోచిన దారి చూసుకున్నాయి. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి పోస్టులకి ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకి కూడా ఎత్తేశారు. ప్రైవేటులో అది కుదరదు. మా పనిలో మనిషితో మాట్లాడకుండా తీసుకోలేం. కానీ ఎలా మాట్లాడాలన్నది తెలిసిన విషయమే. అందరినీ అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగి, ముందే అనుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, తోచినట్టు పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూ కంటే మనిషి పనితీరుని బాగా అంచనా వేస్తుందని 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనల్ని కలిపి చూసి చెప్పారు. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ లెక్కల్ని మళ్లీ సరిచేసినప్పుడు కూడా అలాంటి ఇంటర్వ్యూయే అన్నిటికంటే పైన నిలిచింది. అయినా మన దగ్గర చాలా ప్యానెళ్లు ముందు రోజు ప్రశ్నలు రాసుకోవు. రెజ్యూమెని కూడా అభ్యర్థి కుర్చీలో కూర్చున్నాకే తెరుస్తాయి.

మా టీములో ఈ మధ్య కొంత మార్చగలిగాం. ఊరు, ఇంటిపేరు, నాన్నగారు, ఈ ప్రశ్నలు లేవు. కూర్చోగానే అందరికీ ఒకే మాట చెబుతాం, మొదటి పది నిమిషాలు మీకు వచ్చిన ఏ భాషలోనైనా, మాకు అర్థమయ్యేది ఏదైనా, కలిపైనా మాట్లాడండి, మీరు చేసిన పని ఒక్కటి వివరంగా చెప్పండి, ఆ తర్వాత ఇంగ్లీషులో మాట్లాడుకుందాం అని. విషయానికి మార్కులు వేరే, భాషకి వేరే. ఒకరి మార్కులు ఇంకొకరు చూడకముందే రాసేస్తాం. హెచ్‌ఆర్ మొదట ఒప్పుకోలేదు, క్లయింట్ ఇంటర్వ్యూలో వీళ్లు నిలబడతారా అన్నారు. చివరికి ఫ్రెషర్ల డ్రైవ్‌లకి మాత్రం సరే అన్నారు. అనుభవం ఉన్నవాళ్ల ఇంటర్వ్యూలు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. సపోర్ట్ ఉద్యోగాలకైనా దీన్ని పెట్టాలనీ, స్క్రీనింగ్ చేసేవాళ్లు షాపు నడిపిన అనుభవాన్ని, మిల్లులో లెక్కలు రాసిన అనుభవాన్ని గ్యాప్ కింద కొట్టేయకుండా మా దాకా పంపాలనీ అడుగుతున్నాను. వచ్చే త్రైమాసికం రిక్రూట్‌మెంట్ మీటింగులో ఇది మళ్లీ చర్చకి వస్తుంది.